దిబ్బరొట్టె అడుగున బొగ్గు, మధ్యలో పచ్చి. ఈ ముసురుకి ఇంకేం వండుకోవచ్చు?

గదిలో_ఒక్కదాన్నే
పొద్దుటి నుంచి ఒకటే ముసురు. బయట తెప్పించుకుందామంటే గంటన్నర పడుతుందని చూపిస్తోంది. సరే, చిన్నప్పుడు అమ్మమ్మ చేసిన దిబ్బరొట్టె గుర్తొచ్చి మధ్యాహ్నం మొదలుపెట్టాను. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి మిక్సీ పట్టి, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపాను. నాన్‌స్టిక్ పాన్‌లో రెండు స్పూన్ల నూనె వేసి, సగం పిండి పోసి మూత పెట్టాను. పది నిమిషాలకి మాడు వాసన. తిరగేద్దామని అట్లకాడ దూరిస్తే రొట్టె రెండు ముక్కలైంది, మధ్యలోంచి పిండి పాయసంలా కారింది.

మిగతా సగం పిండి ఫ్రిజ్‌లో ఉంది. తప్పెక్కడ జరిగింది? అది కాక, ఒక్క గిన్నెలో అయిపోయేవి, తిన్నాక దుప్పటి కప్పుకుని పడుకోబుద్ధేసేవి ఇంకేమున్నాయి? నా దగ్గర ఒక ఇండక్షన్ పొయ్యి, మూడు లీటర్ల స్టీల్ కుక్కర్, మిక్సీ, ఆ పాన్ ఉన్నాయి. మ్యాగీ అని మాత్రం అనకండి. నిన్న రాత్రి అదే తిన్నాను.

మాడుముక్క
ఆ నల్లటి చెక్క పడేశావా? అసలు రుచి అక్కడే కదా!

గదిలో_ఒక్కదాన్నే
అది చెక్క కాదండీ, బొగ్గు. పళ్ళు తోముకోవచ్చు.

గోదారిగట్టు
దిబ్బరొట్టెకి కావలసింది ఓపిక అమ్మా. పది నిమిషాల్లో అడుగు మాడిందంటే పొయ్యి భగభగ పెట్టావన్నమాట.

మా నాయనమ్మ కుంపటి మీద చేసేది. మందపాటి మూకుడులో నూనె పోసి, జీలకర్ర కలిపిన పిండి వేసి, పైన ఇనప మూత పెట్టి, ఆ మూత మీద నాలుగు నిప్పు కణికలు పేర్చేది. కిందా పైనా సెగ ఉంటే రెండంగుళాల రొట్టె కూడా లోపలి దాకా ఉడికిపోతుంది. మనకి కింద నుంచే వేడి. పైనుంచి లేని వేడిని కింద నుంచే ఇచ్చేద్దామని మంట పెంచితే నీకు జరిగిందే జరుగుతుంది.

మందం అంగుళం దాటనివ్వకు. సెగ బాగా తగ్గించు. నూనె రెండు స్పూన్లు ఏ మూలకి, నాలుగైనా వెయ్. రొట్టె అంచులు గిన్నెని వదిలి, పైన తడి ఆరేదాకా మూత తియ్యకు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే తిరగెయ్యడం.

ఇంకో మాట. రవ్వ కడిగి, నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి కలిపావా, లేక సంచీలోంచి తీసి అలాగే పోసేశావా?

గదిలో_ఒక్కదాన్నే
...అలాగే పోసేశాను. పిండి గట్టిగా అనిపిస్తే కాసిని నీళ్ళు పోశాను.

గోదారిగట్టు
దొరికింది దొంగ! రవ్వ నానలేదు, నీళ్ళేమో పైన తేలాయి. పచ్చిగా ఉండక ఏం చేస్తుంది? పిండి గారెల పిండి కన్నా కాస్త జారుగా ఉంటే చాలు, అట్ల పిండిలా కాదు. ఫ్రిజ్‌లో ఉన్నది పారెయ్యకు. రాత్రంతా రవ్వ నీళ్ళు పీల్చుకుని రేపటికి సరిపోతుంది. పైన నీళ్ళు తేలితే వంచెయ్.

నాన్‌స్టిక్_నారాయణ
పాన్ తప్పేం లేదని రుజువైంది. ఇక్కడ ఏ వంట చెడినా ముందు నాన్‌స్టిక్‌నే తిడతారని నా ఆవేదన.

గోదారిగట్టు
ఉంది బాబూ తప్పు. మీ పాన్ పల్చన. వేడి ఒకచోట నిలవదు, గబుక్కున మాడుతుంది. ఇనప మూకుడు నిదానంగా వేడెక్కి, వేడిని పట్టి ఉంచుతుంది.

గదిలో_ఒక్కదాన్నే
గుండ్రటి మూకుడు ఇండక్షన్ మీద నిలవదు కదండీ.

తపాలచెక్క
అందుకే మా దిక్కు సర్వపిండి చేసుకో. నానబెట్టే పని, రుబ్బే పని లేదు. ఒక అరగంట ముందు గుప్పెడు శనగపప్పు నానేస్తే చాలు. బియ్యప్పిండిలో ఆ పప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు వేసి నీళ్ళతో ముద్ద కలుపు. గిన్నె లోపల నూనె రాసి, ముద్దను అడుగుకూ పక్కలకూ పల్చగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె. మూత పెట్టి సన్న సెగ మీద పది, పన్నెండు నిమిషాలు. తిరగేసేది లేదు. కింద కరకర, పైన మెత్తగా. పల్చగా ఉంటది కాబట్టి మధ్యల పచ్చి అన్న ముచ్చటే రాదు.

మేం తపాలచెక్క అంటాం, కొందరు గిన్నప్ప అంటారు. పేరేదైనా వానకు ఇదే.

గోదారిగట్టు
బాగుంటుంది, కాదనను. కానీ దిబ్బరొట్టె అడిగిన పిల్లకి సర్వపిండి చెప్పడం, పెళ్ళిచూపులకి పెద్దమ్మాయి కోసం వస్తే చిన్నమ్మాయిని చూపించినట్టుంది.

తపాలచెక్క
చిన్నమ్మాయే నచ్చితే?

మాడుముక్క
ఇద్దరినీ చేసుకోనివ్వండి, నా అభ్యంతరం లేదు.

ఎప్పుడూ_ఆకలే
సర్వపిండి మొదటిది బాగానే వస్తుంది. రెండోది వెయ్యబోతే గిన్నె కాలిపోతూ ఉంటుంది, వేళ్ళు పెట్టలేం. చల్లారే దాకా కూర్చుంటే మొదటిది తినేస్తాం. ఇలా ముగ్గురికి మూడు చెయ్యడానికి నాకు రెండు గంటలు పట్టింది.

తపాలచెక్క
గిన్నె బోర్లించి కొళాయి కింద పెట్టు, నిమిషంల చల్లారుతది. లేకుంటే రెండు గిన్నెలు తీసుకో. ఒకటి పొయ్యి మీద, ఒకటి చేతిల. మా అమ్మకు ఈ ఒక్క పనికే రెండు పాత గిన్నెలున్నాయి. అడుగులు నల్లగా, సొట్టలు పడి ఉంటాయి. ఎవరైనా తోమితే ఊరుకోదు.

శనివారం_ఒంటిపూట
ఇవాళ శనివారం, రాత్రి మా ఇంట్లో అన్నం ఉండదు. వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి ఒంటిపూట. అన్నం కూడదు గానీ అదే బియ్యం రవ్వగా విరిగితే ఫలహారమైపోతుంది. ఇదెలాగని చిన్నప్పుడు మా బామ్మని అడిగితే "నోరు మూసుకుని తిను" అంది. ఆ ఫలహారమే ఉప్పుడు పిండి. ఇలాంటి రోజుకి నన్నడిగితే దాన్ని మించింది లేదు.

బియ్యం మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పండి. రవ్వ కావాలి, పిండి కాకూడదు. జల్లించి పిండి తీసెయ్యాలి, ఆ పిండి ఉంటేనే ముద్దయ్యేది. కుక్కర్‌లో రెండు స్పూన్ల నూనె, ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసి పోపు పెట్టండి. గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు. నీళ్ళలోనే ఉప్పు, ఓ గుప్పెడు నానిన పెసరపప్పు. తెర్లుతుంటే రవ్వ పోస్తూ కలపండి. ఒకసారే. తర్వాత మంట తగ్గించి మూత, పదిహేను నిమిషాలు. పైన స్పూన్ నెయ్యి వేసి పొయ్యి కట్టేసి ఇంకో పది నిమిషాలు వదిలెయ్యండి.

ఈ చివరి పది నిమిషాలు ఎవరూ ఆగరు. ఆగితేనే పలుకు పలుకుగా విడివిడిగా వస్తుంది. అడుగున బంగారు రంగు చెక్క కూడా ఊడి వస్తుంది. మా ఇంట్లో దాని కోసం యాభై దాటినవాళ్ళు కూడా కొట్టుకుంటారు.

మాడుముక్క
నా పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడైనా అర్థమైందా.

ఉప్మా_వ్యతిరేకి
ఇంత కథ చెప్పి చివరికి ఉప్మా. నేను ముందే పసిగట్టాను.

శనివారం_ఒంటిపూట
ఉప్మా గోధుమరవ్వది, బొంబాయిరవ్వది. ఇది బియ్యపు రవ్వ. రెండూ ఒకటే అయితే పులిహోర, పెరుగన్నం కూడా ఒకటే.

ఉప్మా_వ్యతిరేకి
హాస్టల్లో నాలుగేళ్ళు వారానికి మూడు రోజులు తిన్నవాడికి తేడా చెప్పకండి. పోపు, రవ్వ, నీళ్ళు ఉంటే నా దృష్టిలో ఉప్మానే. వేరే పేరు పెడితే ముసుగేసుకున్న ఉప్మా.

సీమబొరుగులు
పదిహేను నిమిషాల్లో అయ్యేది ఒకరూ చెప్పలేదు. ఉగ్గాని! బొరుగులు నీళ్ళలో వేసి, మెత్తబడగానే తీసి గట్టిగా పిండెయ్యాల. అక్కడ ఆలస్యం చేస్తే బురద. నూనెలో ఆవాలు, కరివేపాకు, ఉల్లిగడ్డలు, దంచిన పచ్చిమిరపకాయ, పసుపు. ఒక టమాటా కూడా వేస్తే వేసుకో. బొరుగులు వేసి కలిపి, పుట్నాల పొడి చల్లి దించెయ్. నిమ్మకాయ పిండుకో. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే అనంతపురం, కర్నూలు వాళ్ళకి ఇంకేం వద్దు.

ఎప్పుడూ_ఆకలే
బొరుగులంటే మరమరాలేనా?

సీమబొరుగులు
అవును సామీ. మీరు వాటిని పిడత కింద పప్పులో వేసుకుంటారు, మేం టిఫిన్ చేసుకుంటాం.

గదిలో_ఒక్కదాన్నే
బజ్జీ ఒక్క గిన్నెలో అవదు కదా.

సీమబొరుగులు
బజ్జీ లేకుంటే అది ఉగ్గాని కాదు, ఒట్టి బొరుగులు. ఆ విషయంలో నేను తగ్గను. సందు చివర బండి ఉంటుంది, గొడుగేసుకుని పో.

చార్మినార్_చాయ్
ఆదివారం పొద్దున మా ఇంట్లో ఖిచిడీ, ఖట్టా. ఖీమా కూడా ఉంటే పండగే, లేకున్నా నడుస్తది. ఖిచిడీకి రెండు గ్లాసుల బియ్యం, ముప్పావు గ్లాసు మసూర్ పప్పు. నెయ్యిలో లవంగం, దాల్చినచెక్క, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పసుపు. అన్నీ కుక్కర్లోనే. ఖట్టాకి పొయ్యే అక్కర్లేదు. వేయించిన నువ్వులు నూరి చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు, కొత్తిమీర. వేడి వేడి ఖిచిడీ మీద చల్లటి ఖట్టా పోసుకోవాలి. పక్కన పాపడ్. ఆ తర్వాత పన్నెండింటి దాకా ఎవరూ ఫోన్ ఎత్తరు.

తపాలచెక్క
ఈ ఖట్టా మా పచ్చిపులుసుకు చుట్టమే. మేం మిరపకాయలు నిప్పుల మీద కాల్చి అందులో పిసుకుతాం. గ్యాస్ మంట మీద కాల్చినా సరే. ఇండక్షన్ వాళ్ళ సంగతి దేవుడెరుగు.

నాన్‌స్టిక్_నారాయణ
పాన్‌లో నూనె లేకుండా కాలుతాయి. మళ్ళీ నాన్‌స్టిక్ అన్నానని తిట్టకండి.

గోదారిగట్టు
ఖాళీ నాన్‌స్టిక్ పాన్ పెద్ద మంట మీద పెట్టకూడదు నారాయణగారూ, పూత పాడైపోతుంది. ఇది తిట్టు కాదు.

పప్పు_నెయ్యి_ఆవకాయ
మీరంతా ఆ పిల్లని భయపెడుతున్నారు. దుప్పటి కప్పుకుని పడుకుంటానన్న మనిషికి సర్వపిండి, ఖట్టా, బజ్జీ! కందిపప్పు దోరగా వేయించి, మూడింతల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి కుక్కర్ పెట్టు. నాలుగు విజిల్స్. మెత్తగా మెదిపి ఉప్పు వెయ్. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. అయిపోయింది. ఇంకా వండాలనిపిస్తే నీకు ఆకలి లేనట్టు.

చారు_లేనిదే_ముద్ద_దిగదు
కందిపప్పు వేయించకూడదు. పచ్చి పప్పుకున్న కమ్మదనం పోతుంది.

పప్పు_నెయ్యి_ఆవకాయ
వేయించని ముద్దపప్పు పప్పుచారుకి పనికొస్తుంది. ఆవకాయ పక్కన నిలబడలేదు.

చారు_లేనిదే_ముద్ద_దిగదు
మా ఇంట్లో మూడు తరాలుగా వేయించలేదు, నిలబడుతూనే ఉంది. పోనీ, ఈ చలికి మిరియాల చారు ఎవరూ అనరేం? చింతపండు పులుసు తెర్లేటప్పుడు మిరియాలు, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, నెయ్యి పోపు పెడితే పది నిమిషాల పని. నేను గ్లాసులో పోసుకుని కిటికీ దగ్గర కూర్చుని తాగుతాను. టీ మానేశానని మా ఆయన అనుకుంటున్నారు.

డాలస్_పచ్చిమిర్చి
గోదారిగట్టు గారు చెప్పిన నిప్పుల మూత చదివాక ఒకటి అర్థమైంది. ఇక్కడ నేను దిబ్బరొట్టె పోత ఇనుప పాన్‌లో చేస్తాను. పొయ్యి మీద అయిదు నిమిషాలు ఉంచి అడుగు గట్టిపడ్డాక, పాన్‌ని అలాగే ఓవెన్లో పెడతాను, 375 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద అరగంట పైన. తిరగెయ్యను. ఎందుకు కుదురుతోందో ఇన్నాళ్ళూ తెలియదు. ఓవెన్ అంటే పైనా కిందా నిప్పులే కదా!

గోదారిగట్టు
మా నాయనమ్మ ఉంటే నీకు నూటికి నూరు వేసేది. నూనె తగ్గించావని రెండు తీసేసేది.

గదిలో_ఒక్కదాన్నే
ఇప్పుడు రాత్రి తొమ్మిది. ఉప్పుడు పిండి చేశాను. ఇంట్లో జల్లెడ లేదు. టీ వడకట్టుకునే దాంతో గ్లాసు బియ్యపు రవ్వ జల్లించాను, పావుగంట పట్టింది. శనగపప్పు లేకపోతే బదులు పల్లీలు వేశాను. ఆ చివరి పది నిమిషాలూ కుక్కర్ పక్కనే నిలబడి గడియారం చూస్తూ ఆగాను. పొడిపొడిగా వచ్చింది! అడుగు చెక్క ఒక్క ముక్కగా రాలేదు గానీ గరిటెతో గీకితే గీకినంతా కరకరలాడింది. ఆవకాయ లేదు, నిమ్మకాయ ఊరగాయతో తిన్నాను. పక్కగదిలో అమ్మాయి వాసనకి తలుపు కొట్టింది. చెక్క దాచేశాను.

మాడుముక్క
మా సంఘంలోకి స్వాగతం. దాచడం మొదటి నియమం.

ఉప్మా_వ్యతిరేకి
ఫొటో పెడితే ఉప్మానో కాదో నేను తేలుస్తాను.

శనివారం_ఒంటిపూట
పల్లీలు వేస్తే తప్పేం లేదమ్మా, కానీ మా బామ్మకి చెప్పకు.

గోదారిగట్టు
రేపు దిబ్బరొట్టె ఆ కుక్కర్‌లోనే వెయ్. అడుగు బల్లపరుపు, మందం. నీ పాన్ కన్నా నయం. మూతకి గాస్కెట్, వెయిట్ తీసేసి ఊరికే కప్పు. పిండి ఫ్రిజ్‌లోంచి తీసి గంట బయట ఉంచు, చల్లటి పిండి పోస్తే మళ్ళీ అదే కథ.

ఎప్పుడూ_ఆకలే
తిరగేసేటప్పుడు? కుక్కర్ లోతుగా ఉంటుంది, అట్లకాడ దిగదు.

గోదారిగట్టు
ముందు అంచుల చుట్టూ చాకు తిప్పి విడదియ్యాలి. కుక్కర్ మీద పళ్ళెం బోర్లించి, గుడ్డతో గట్టిగా పట్టుకుని, రెండూ కలిపి తలకిందులు చెయ్యాలి. రొట్టె పళ్ళెంలోకి వస్తుంది, అక్కడి నుంచి మళ్ళీ కుక్కర్‌లోకి జార్చు. వేడి నూనె ఉంటుంది, జాగ్రత్త.

డాలస్_పచ్చిమిర్చి
ఇంతకీ దేంతో తింటారు? మేమైతే బెల్లం పాకంతో.

పప్పు_నెయ్యి_ఆవకాయ
ఆవకాయ. అది కూడా అడగాలా.

గోదారిగట్టు
చెరకు పానకం. దొరక్కపోతే పాకం. పాకంలో ముంచిన ముక్క నోట్లో పెట్టుకుంటే కరకర తగ్గకుండానే తియ్యదనం లోపలికి దిగుతుంది. ఆవకాయవాళ్ళతో నాకు గొడవ లేదు, రెండో ముక్కకి నేనూ అటే.

తపాలచెక్క
సర్వపిండికి పక్కన ఏమీ వద్దు. ఊరికే గుర్తు చేస్తున్నా.

గదిలో_ఒక్కదాన్నే
ఆదివారం, పదకొండున్నర. పిండి పైన తేలిన నీళ్ళు వంచేశాను. గంట బయట పెట్టాను. నాలుగు స్పూన్ల నూనె, అంగుళం మందం, ఇండక్షన్ 300 వాట్స్ మీద. ఈ పొయ్యి తక్కువలో పెడితే ఆగి ఆగి వేడెక్కుతుంది, అందుకే ముప్పై నిమిషాలు పట్టింది. ఇరవయ్యో నిమిషంలో మూత తియ్యబోయి, గోదారిగట్టు గారు తిడతారని మానేశాను. పళ్ళెం తిప్పుడు మొదటిసారే కుదిరింది, ఓ పావు వంతు అంచు కుక్కర్‌కే అతుక్కుపోయింది. రెండో వైపు పది నిమిషాలు. చాకు గుచ్చి చూశాను, పిండి అంటలేదు.

కోసినప్పుడు వచ్చిన ఆ కర్రుమనే చప్పుడు అమ్మమ్మ వంటింట్లో విన్నదే. లోపల ఇడ్లీలా తెల్లగా ఉంది. బెల్లం కరిగించి పాకం చేసుకున్నాను. పక్కగది అమ్మాయికి ఈసారి సగం ఇచ్చాను, ఆవకాయ వాళ్ళింటి నుంచి తెచ్చింది కాబట్టి.

అమ్మకి ఫొటో పంపితే "రవ్వ కడిగావా?" అని అడిగింది.

గోదారిగట్టు
ఏం చెప్పావు?

గదిలో_ఒక్కదాన్నే
నెట్‌వర్క్ లేదని పెట్టేశాను.

నాన్‌స్టిక్_నారాయణ
అతుక్కున్న ఆ పావు వంతు... నాన్‌స్టిక్ అయితే అతుక్కునేది కాదు. ఊరికే అంటున్నా.